టేకు భోషాణానికి చాక్ పెయింటా?

గీకక్కర్లేదు. ప్రైమర్ అక్కర్లేదు. శనివారం పొద్దున డబ్బా మూత తీస్తే ఆదివారం సాయంత్రానికి పాత బల్ల కాస్తా కొత్త బల్ల! చాక్ పెయింట్ అనగానే చాలామందికి చెయ్యి దురద పెట్టేది ఇందుకే. కానీ ఇంట్లో ఉన్న పాత చెక్కసామాన్లన్నీ ఆ బ్రష్షు కోసమే ఎదురుచూస్తున్నాయనుకుంటే పొరపాటు. కొన్నిటికి అది వరం. మరికొన్నిటికి మాత్రం... వేశాక తుడిచేద్దామన్నా పోదు.

ఏ ఇంట్లో చూసినా ఇలాంటి సామాను ఒకటైనా ఉంటుంది. అటక మీదకెక్కిన స్టూలు, తలుపు సరిగా పడని బట్టల బీరువా, పెరటి వరండాలో జల్లుకు తడుస్తూ ఎండకు ఎండుతూ పడున్న కుర్చీ. పారేద్దామంటే మనసొప్పదు. ఉంచుకుందామంటే చూడబుద్ధి కాదు. పోనీ పాలిష్ పెట్టిద్దామా అంటే... పాత పాలిష్ గీకాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, లప్పం పెట్టాలి, మళ్లీ రుద్దాలి, ఆపైన చేతి పాలిష్ ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోవాలి. వారం రోజులు ఇంటినిండా దుమ్ము, స్పిరిట్ వాసన. కూలీ లెక్క వేసుకుంటే ‘ఈ డబ్బుతో కొత్తదే వస్తుంది కదా’ అనిపిస్తుంది. అలా అనిపించిన రోజునే చాలా సామాన్లు పాతసామాన్ల బండి ఎక్కేస్తాయి.

ఇదే బాధ ఇంగ్లండ్‌లోనూ ఉంది. అక్కణ్నుంచే దీనికో దారి దొరికింది.

ముగ్గురు పిల్లల తల్లి

ఆనీ స్లోన్. ఆర్ట్ చదువుకుంది. గోడలకీ, సామాన్లకీ రంగులు వేసే రకరకాల పద్ధతుల మీద పుస్తకాలు రాసింది. ముగ్గురు మగపిల్లల తల్లి. ఆ హడావుడిలో గంటల తరబడి గీకుతూ, ప్రైమర్ ఆరేదాకా కాచుకుని కూర్చునే తీరిక ఎక్కడిది? దేనిమీదైనా పట్టుకునే రంగు, నీళ్లతో కడిగితే బ్రష్షు శుభ్రమయ్యే రంగు, చిక్కగా వేస్తే గరుకుగానూ పల్చగా వేస్తే నీడలానూ కనిపించే రంగు కావాలనుకుంది. 1990లో అలాంటి రంగు తయారు చేయించి, దానికి చాక్ పెయింట్ అని పేరు పెట్టింది. వేసి ఆరాక మెరుపు లేకుండా, సుద్దముక్క పామినట్టు మెత్తగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. ఆక్స్‌ఫర్డ్‌లో చిన్న దుకాణంతో మొదలైన వ్యాపారం అట్లాంటిక్ దాటింది. ఆ పేరు ఆమె ట్రేడ్‌మార్కు. అందుకే మిగతా కంపెనీలు ‘చాక్డ్’ అనో ‘చాకీ ఫినిష్’ అనో తిప్పి రాసుకుంటాయి. మన దగ్గర కూడా ఆన్‌లైన్‌లో, బొమ్మలేసే రంగులమ్మే దుకాణాల్లో ఇప్పుడు రకరకాల కంపెనీలవి దొరుకుతున్నాయి. అన్నట్టు, నల్లబల్ల మీద వేసే బ్లాక్‌బోర్డ్ పెయింట్ వేరు, ఇది వేరు. పేరు చూసి అది కొనుక్కొచ్చేసేరు!

చెక్కకు రంగు వేయడం ఐరోపాలో కొత్త సంగతేమీ కాదు. స్వీడన్‌ను 1771 నుంచి 1792 దాకా ఏలిన మూడో గుస్తావ్ రాజు పేరుమీద ఒక ఫర్నిచర్ శైలే ఉంది. లేత బూడిదరంగు, మసక తెలుపు, పాలిపోయిన నీలం. ఫ్రెంచి రాజుల వైభవం చూసి ముచ్చటపడ్డారుగానీ చేతిలో ఉన్నది పైన్ కర్రలాంటి సాదా కలప. పైగా చలికాలం వస్తే పగలే చీకటి. లేతరంగు వేస్తే రెండు పనులూ అయ్యాయి... కలప పేదరికం కప్పడిపోయింది, గదిలోకి కాస్త వెలుతురూ వచ్చింది. ఇంగ్లండ్‌లో ససెక్స్ ప్రాంతంలో చార్ల్‌స్టన్ అని ఓ పల్లెటూరి ఇల్లుంది. 1916లో చిత్రకారులు వెనెస్సా బెల్, డంకన్ గ్రాంట్ అందులో దిగారు. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కు వెనెస్సా అక్క. వాళ్లకు తెల్లగా కనిపించే ఏ జాగా అయినా కాన్వాసే. తలుపులు, బల్లలు, అల్మరాలు, చలిమంట గూడు... దేన్నీ వదల్లేదు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం.

1989లో రేచల్ ఆష్‌వెల్ అనే ఇంగ్లిష్ ఆవిడ అమెరికాలోని శాంటామోనికాలో ‘షాబీ షిక్’ పేరుతో దుకాణం తెరిచింది. రంగు అక్కడక్కడా రాలి, అంచులు అరిగినట్టున్న తెల్లటి సామానే అక్కడి గొప్ప. డబ్బు పెట్టి కొత్తదాన్ని పాతదానిలా చేయించుకోవడమేమిటని మనవాళ్లు ముక్కున వేలేసుకోవచ్చు. కానీ ఆ మోజు ప్రపంచమంతా పాకింది. దానికి తోడు 2000 తర్వాత ఇంగ్లండ్‌లో విక్టోరియా కాలం నాటి మహాగనీ బీరువాలు, బల్లల ధరలు దారుణంగా పడిపోయాయి. ముదురు గోధుమరంగు సామాను చిన్న ఇళ్లలో ఎవరికీ వద్దు. నిన్నటిదాకా వేలంపాటల్లో పోటీపడి కొన్నవాటిని చవగ్గా తెచ్చి, రంగు కొట్టి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. పాతవస్తువుల ప్రియులు గుండెలు బాదుకున్నారు. ఎలాగూ చెత్తలోకి పోయేదాన్ని కాపాడుతున్నామని వీళ్లు. నూరేళ్ల కలపను పాడుచేస్తున్నారని వాళ్లు. ఆ తగువు అక్కడ ఇంకా తేలలేదు.

అసలు ఎలా పట్టుకుంటుంది?

మామూలు ఎనామిల్ నిగనిగలాడుతుంది. కారణం, అందులో జిగురు ఎక్కువ. రంగుపొడి రేణువుల మధ్యనున్న ఖాళీలన్నీ ఆ జిగురు నింపేసి పైన నున్నటి పొర కడుతుంది. చాక్ పెయింటులో లెక్క తిరగబడుతుంది. పొడి ఎక్కువ, జిగురు తక్కువ. ఆరాక పైపొర నిండా కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు. అందుకే వెలుతురు తిరిగి మెరవకుండా చెదిరిపోయి మెత్తగా కనిపిస్తుంది. అందుకే పైన మైనం రాస్తే పీల్చుకుంటుంది. మైనం రాయకుండా వదిలేస్తే కాఫీ మరకను కూడా అంతే ఆబగా పీల్చుకుంటుంది!

వేయడం నిజంగానే సులువు. ముందు సబ్బునీళ్ల గుడ్డతో జిడ్డు వదిలేదాకా తుడవాలి. మన ఇళ్లలో వంటగది పొగ, దీపాల నూనె, తలకు రాసుకున్న కొబ్బరినూనె కుర్చీ వీపు మీద పేరుకుని ఉంటాయి. గీకక్కర్లేదన్నారు కదా అని ఈ పని మానేస్తే మాత్రం రంగు పెచ్చులుగా లేస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి, పల్చగా ఒక చెయ్యి. మొదటి చెయ్యి అయ్యాక చూస్తే ఏడుపొస్తుంది, చారలు చారలుగా. కంగారుపడక్కర్లేదు. గంటకల్లా ఆరుతుంది. రెండో చేతికి కుదురుకుంటుంది. మే నెలలో ఫ్యాను కింద వేస్తే వేసింది వేసినట్టే ఆరిపోయి బ్రష్షు ఈడుస్తుంది. అప్పుడు ఫ్యాను ఆపి, బ్రష్షును కొద్దిగా నీళ్లలో తడిపి వేసుకుంటే సరి. చివర మెత్తటి గుడ్డతో మైనం పల్చగా రుద్ది, ఎక్కువైంది తుడిచేయాలి. చేతికి ఆరినట్టే ఉంటుందిగానీ మైనం బాగా గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా వేడి గిన్నె పెట్టారో, గుండ్రటి మచ్చ ఖాయం.

అసలు మన ఎండలకు, మన వంటలకు మైనం ఎంతవరకు ఆగుతుందన్నది అడగాల్సిన ప్రశ్నే. వేడికి మెత్తబడటం దాని గుణం. అద్దం చట్రానికీ, పుస్తకాల అరకూ ఇబ్బంది లేదు. అదే సాంబారు గిన్నెలు దింపే భోజనాల బల్లకు మైనం చాలదు. నీళ్లలో కలిసే పారదర్శక పాలీయూరథేన్ వార్నిష్ రెండు చేతులు వేయడం నయం. నూనె వార్నిష్ వేస్తే తెల్లరంగు నాలుగు రోజులకు పచ్చబడుతుంది.

ఇంకో తంటా ఎరుపు. తెల్లటి చాక్ పెయింట్ వేశాక మర్నాటికి లోపల్నుంచి గులాబీరంగు మరకలు ఉబికి వస్తాయి. ఎన్ని చేతులు వేసినా మళ్లీ పైకే! కర్రలోని వగరు పదార్థం, పాత ఎర్రపాలిష్‌లో కలిపిన రంగు నీటి తేమకు కరిగి పైకి తేలడం వల్ల వచ్చే బాధ ఇది. మందు కూడా పాతదే... లక్క. స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక్క చెయ్యి ముందుగా వేస్తే మరక అక్కడే ఆగిపోతుంది.

కొండపల్లి వాళ్లకు ఎప్పుడో తెలుసు

చెక్క మీద సుద్దరంగు అనగానే విదేశీ విద్య అనుకోనక్కర్లేదు. కొండపల్లిలో బొమ్మ ఎలా చేస్తారో చూడండి. తేలికైన తెల్లటి పొణికి కర్ర తెచ్చి ఆరబెట్టి చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి ఒంపులు తీరుస్తారు. ఆపైన తెల్లటి సున్నం పూత. దానిమీద రంగులు. నిర్మల్ బొమ్మలకూ పొణికే ఆధారం. చేర్యాల నకాషీ కళాకారులు ఖద్దరు బట్టకు చింతగింజల గంజి, తెల్లమన్ను, జిగురు కలిపి పట్టించాకే బొమ్మ మొదలుపెడతారు. ఐరోపాలో చెక్కపలకల మీద దేవుడి బొమ్మలు వేసిన పాతకాలపు చిత్రకారులు కూడా సుద్దపొడిని తోలు నుంచి తీసిన జిగురులో కలిపి పూసేవారు. రంగు నిలవడానికి కింద ఓ తెల్లటి మెత్త ఉండాలన్న ఉపాయం అందరిదీ ఒకటే.

గమనించాల్సింది ఇంకొకటుంది. వీళ్లెవరూ ఆ పూత టేకు మీద వేయలేదు. పొణికి మెత్తన, దాని ఒంటిమీద చూడదగ్గ గీతలేమీ ఉండవు. రంగు వేస్తేనే దానికి అందం. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్కరంగు పట్టించేదీ అందుకే. టేకు, నల్లమద్ది, జిట్టేగి లాంటివాటిని మాత్రం మన వడ్రంగులు రంగు కింద దాచలేదు. నూనె రాశారు, పాలిష్ పెట్టారు. అంటే ఏ కర్రకు రంగు, ఏ కర్రకు మెరుపు అన్నది మనదగ్గర ఎప్పుడో తేలిపోయిన విషయం. ఇంగ్లిషువాళ్ల ‘టీక్’ అన్న మాటే మలయాళ ‘తేక్కు’ నుంచి పోర్చుగీసుల నోట పడి వెళ్లింది. ఆ కర్ర సంగతి వాళ్లు మనకు చెప్పాల్సిన పనిలేదు.

టేకును కోసి చూస్తే ఏడాదికో వలయం, ఆ వలయం వెంట పెద్ద పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి. పలక మీద మనం ముచ్చటపడే ముదురు గీతలు అవే. చాక్ పెయింట్ వేస్తే అది ఈ రంధ్రాల్లోకి దిగిపోతుంది. రేపు మనసు మారి రంగు తీసేద్దామనుకుంటే పైది వస్తుంది, లోపలిది రాదు. ఎంత గీకినా గీతల్లో తెల్లటి చుక్కలు మిగిలిపోతాయి. లోపలిదాకా చిత్రిక పట్టించాలి. అలా చేస్తే చెక్క మందం తగ్గుతుంది, నగిషీ ఉంటే అదీ పోతుంది. భోషాణానికి చాక్ పెయింటా అని అత్తగారు కంగారుపడితే అది చాదస్తమని కొట్టిపారేయలేం. ఆ విషయంలో ఆవిడదే న్యాయం.

చిత్రమేమిటంటే, రంగు వేసేయాలనిపించేంత నల్లగా మారిన పాత టేకు సామాను చాలాసార్లు పాడైపోయి ఉండదు. మాసిపోయి ఉంటుంది, అంతే. కిందివైపు కనిపించని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కసారి అద్ది చూడండి. పాలిష్ జిగటగా మెత్తబడిందంటే అది లక్క పాలిష్. గొప్ప సంగతేమిటంటే, లక్క మళ్లీ స్పిరిట్‌లో కరుగుతుంది. పాతపొరను కొద్దిగా కదిలించి దానిమీదే కొత్తపొర కలిపేయొచ్చు. మొత్తం గీకాల్సిన పనే లేదు. నున్నటి స్టీలు పీచు, కాస్త స్పిరిట్, తెలిసిన పాలిష్ మనిషి ఒకపూట పని. లోపల్నుంచి తేనెరంగు బయటపడుతుంది. ఒక్కోసారి మూలనెక్కడో వడ్రంగి చెక్కిన పేరో, తారీఖో కూడా. కారైక్కుడి పాతసామాన్ల దుకాణాల్లో బర్మా టేకు తలుపుల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి బేరాలాడేది ఈ రంగు కోసమే. మండువా ఇల్లు పడగొట్టేటప్పుడు ద్వారబంధాలు, దూలాలు ముందే ఎవరో ఒకరు బేరం పెట్టేసేదీ అందుకే.

మరి చాక్ పెయింట్ దేనికి? ప్యాకింగ్ చెక్కతో చేసిన అలమరా, సన్‌మైకా లేచిపోయిన ప్లైవుడ్ బల్ల, మూడు నాలుగు రకాల కర్రలతో అతుకులు పెట్టిన స్టూలు, సగం పుచ్చిపోతే లప్పంతో నింపిన కుర్చీ, పదేళ్ల కిందట ఎవరో గోధుమరంగు ఎనామిల్ కొట్టేసిన పెట్టె. వీటి మీద వేయండి, నిక్షేపంగా. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో కాళ్లూడి దొరికే బల్లలకైనా సరే. అమెరికాలో ఉన్న మనవాళ్లు గరాజ్ సేల్‌లో నాలుగు డాలర్లకు తెచ్చుకునే పైన్ డ్రాయర్లకైతే అది పుట్టిందే అందుకు! పుచ్చు ఉందేమో మాత్రం ముందే చూసుకోవాలి. సన్నటి రంధ్రాల కింద పిండిలాంటి పొడి కొత్తగా రాలుతోందంటే లోపల పురుగు బతికే ఉందన్నమాట. మందు ఎక్కించకుండా రంగు వేస్తే అది లోపల తింటూనే ఉంటుంది, పైన మాత్రం నీలంరంగు ముచ్చటగా ఉంటుంది.

ఉయ్యాల తొట్టెతో జాగ్రత్త

మనవడు పుట్టాడు. తాతలనాటి తొట్టె అటకమీంచి దించారు. లేత ఆకుపచ్చ చాక్ పెయింట్ వేసి, ఫొటోల్లో చూసినట్టు అంచుల్లో ఉప్పుకాగితంతో గీరి ‘పాత లుక్’ తెద్దామనుకున్నారు. ఆగాల్సింది ఇక్కడే.

పాతకాలపు ఎనామిల్ రంగుల్లో సీసం కలిసేది. రంగు తళతళలాడటానికి, త్వరగా ఆరడానికి దాన్ని వాడేవారు. అమెరికా 1978లోనే ఇళ్లలో వాడే రంగుల్లో దాన్ని నిషేధించింది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలకు మించకూడదని 2016లో నిబంధన వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకుముందు రంగు వేసిన తొట్టె, కుర్చీ, చిన్నపిల్లల బల్ల... దేన్నయినా అనుమానించాల్సిందే. పొడిగా రుద్దితే ఆ సీసం సన్నటి దుమ్మై గాల్లోకి లేస్తుంది, నేలమీద పడుతుంది. నేలమీద పాకేదెవరు? పళ్లొచ్చే వయసులో తొట్టె కమ్మీని కొరికేదెవరు? సీసం కొద్దిగా వెళ్లినా పసిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అలా జరిగిన నష్టాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు.

చాక్ పెయింట్ గీకకుండా వేయొచ్చు కదా, ప్రమాదం తగ్గినట్టే కదా అనొచ్చు. పాతపొర గట్టిగా ఉన్న బీరువా విషయంలో అది కొంతవరకు నిజమే. కానీ అంచులు గీరి పాత లుక్ తెప్పించడమంటే కొత్తపొరను దాటి ఆ పాతరంగులోకే ఉప్పుకాగితం దించడం. ఎనామిల్ వేసిన పాతసామాను మీద ఆ సోకు వద్దేవద్దు. పెచ్చులు లేస్తుంటే తడిపి, తడిగుడ్డతోనే తీసి, ఆ గుడ్డ పారేయాలి. ముక్కుకు మామూలు గుడ్డ చాలదు, దుమ్మును ఆపే మాస్కు కావాలి. గర్భిణులు, పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. పాతరంగు ఉన్న తొట్టెనైతే పిల్లాడికి వాడకపోవడమే మంచిది. ముచ్చట తీరాలంటే వరండాలో పెట్టి బొమ్మల కొలువుకు వాడుకోండి.

ఇంట్లో కలుపుకోవాలంటే...

విదేశీ డబ్బా ఖరీదెక్కువనిపిస్తే గోడలకు వేసే మెరుపులేని ఎమల్షన్‌తో పని జరిపేవాళ్లున్నారు. మూడు కప్పుల ఎమల్షన్‌కు ఒక కప్పు ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పొడిని ముందు కొద్ది నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాత రంగులో పోయాలి. మనం బళ్లో వాడిన చాక్‌పీసులు కూడా చాలావరకు ఈ పొడితో చేసినవే. దుకాణంలో కొన్నదంత మెత్తగా రాదు. స్టూలుకో, పీటకో బాగానే ఉంటుంది. బీరువా జోలికి వెళ్లేముందు ఒక చెక్కముక్క మీద వేసి, ఆరాక గోటితో గీకి చూడండి. పొడిగా రాలితే ప్లాస్టర్ ఎక్కువైనట్టు, కాస్త ఎమల్షన్ కలపండి. ఒక పూటకు సరిపడానే కలుపుకోవాలి, మర్నాటికి గడ్డకట్టేస్తుంది. మిగిలింది సింకులో మాత్రం పోయొద్దు. గొట్టంలోనే గట్టిపడి కూర్చుంటుంది.